బ్రూక్లిన్ ట్రాముల నుంచి లాస్ ఏంజెలెస్ కొండ దాకా: డాడ్జర్స్‌పై మీ ప్రశ్నలు, మా జవాబులు

2025 నవంబరు 1న టొరంటోలో 11 ఇన్నింగ్స్ (మామూలుగా తొమ్మిదే) దాకా సాగిన ఏడో ఆటను 5–4తో గెలిచి, లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టు వరసగా రెండో ఏడాదీ వరల్డ్ సిరీస్‌ను, అంటే ఏడు ఆటల ఫైనల్‌ను, దక్కించుకుంది. అప్పటి నుంచి ఆ జట్టు పుట్టుపూర్వోత్తరాలు అడుగుతూ ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. ఒకే విషయం అడిగినవాటిని కలిపేసి, ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఒక్క జట్టుకే ఇస్తున్నాం.

ప్రశ్న: ‘డాడ్జ్’ అంటే తప్పించుకోవడం కదా. ఈ ఆటగాళ్లు దేన్నుంచి తప్పించుకునేవారు? (గుంటూరు)

జవాబు: తప్పించుకున్నది ఆటగాళ్లు కాదు, జట్టు పుట్టిన బ్రూక్లిన్ (ఇప్పుడు న్యూయార్క్‌లో భాగం) జనం. 1890ల మొదట్లో అక్కడి వీధుల్లో గుర్రాలు లాగే ట్రాములు పోయి కరెంటు ట్రాములు వచ్చాయి. గుర్రం నడకకు అలవాటుపడ్డ కళ్లకు కొత్త బండి వేగం అంచనాకు అందలేదు. రోడ్డు దాటుతూ దెబ్బలు తిన్నవాళ్లు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. అలా బ్రూక్లిన్ వాళ్లకు ‘ట్రాలీ డాడ్జర్స్’, అంటే ట్రాముల కింద పడకుండా తప్పుకుని తిరిగేవాళ్లు అని పేరొచ్చింది. 1895 నాటికి పత్రికలు ఆ పేరును జట్టుకూ అంటించాయి.

జట్టు అంతకుముందే, 1883లో పుట్టింది. 1884లో అమెరికన్ అసోసియేషన్ అనే లీగ్‌లో, 1890లో నేషనల్ లీగ్‌లో చేరింది. 1889లో పాత లీగ్‌లోనూ 1890లో కొత్త లీగ్‌లోనూ ప్రథమ స్థానం దానిదే. ఆ రోజుల్లో జట్టు పేరు విలేకరుల ఇష్టం. మొదట గ్రేస్ అన్నారు. 1888లో కొందరు ఆటగాళ్లు పెళ్లిళ్లు చేసుకుంటే బ్రైడ్‌గ్రూమ్స్, అంటే పెళ్లికొడుకులు అన్నారు. తర్వాత సూపర్బాస్ అన్నారు. 1914 నుంచి 1931 దాకా మేనేజరుగా (ప్రధాన కోచ్‌గా) ఉన్న విల్బర్ట్ రాబిన్సన్ పేరు మీద రాబిన్స్ అన్నారు. డాడ్జర్స్ అన్నది స్థిరపడింది 1932లో. కాబట్టి 1920ల స్కోర్లు పాత పత్రికల్లో వెతికేవారు డాడ్జర్స్ అనే మాట ఒక్కదానితో ఆగొద్దు. రాబిన్స్ అనీ వెతకండి, లేదంటే సగం ఆటలు దొరకవు.

ప్రశ్న: 1955లో గెలిచింది బ్రూక్లిన్ జట్టు. దాన్ని లాస్ ఏంజెలెస్ ఖాతాలో ఎలా వేస్తారు? మన డెక్కన్ ఛార్జర్స్ కప్పు సన్‌రైజర్స్‌కు రాలేదుగా! (హైదరాబాద్)

జవాబు: మీ ఉదాహరణలోనే తేడా ఉంది. 2009లో ఐపీఎల్ గెలిచిన డెక్కన్ ఛార్జర్స్ ఫ్రాంచైజీని 2012లో రద్దు చేశారు. సన్ టీవీ వేలంలో కొన్నది కొత్త ఫ్రాంచైజీ. ఊరు అదే, హక్కు వేరు. అందుకే 2016 కప్పే సన్‌రైజర్స్‌ది, 2009ది కాదు.

డాడ్జర్స్ సంగతి దీనికి తలకిందులు. 1957 సీజన్ అయ్యాక ఊరు మారింది గానీ ఫ్రాంచైజీ, యజమాని, మేనేజరు, ఆటగాళ్ల ఒప్పందాలు అన్నీ అవే. చిరునామా మారిన కుటుంబం లాంటిది. అందుకే జట్టు లెక్కలో తొమ్మిది వరల్డ్ సిరీస్‌లు ఉన్నాయి: బ్రూక్లిన్‌లో 1955 ఒక్కటి, లాస్ ఏంజెలెస్‌లో 1959, 1963, 1965, 1981, 1988, 2020, 2024, 2025. ఎవరైనా ఎనిమిదే అంటే వాళ్లు లాస్ ఏంజెలెస్‌వి మాత్రమే చెబుతున్నారని గ్రహించండి.

ఆ ఒక్క 1955 వెనక ఎంత ఎదురుచూపు ఉందో కూడా తెలియాలి. 1916, 1920లలో ఓడారు. 1941, 1947, 1949, 1952, 1953లలో ఐదుసార్లూ పక్కనే ఉన్న న్యూయార్క్ యాంకీస్ చేతిలోనే ఓడారు. ప్రతి శరదృతువులోనూ ‘వచ్చే ఏడాది చూద్దాం’ అనుకోవడం బ్రూక్లిన్ ఊతపదమైంది. 1955 అక్టోబరు 4న ఏడో ఆటలో డాడ్జర్స్ పిచర్ (బంతి విసిరేవాడు) జానీ పోడ్రెస్ యాంకీస్‌కు ఒక్క పరుగూ ఇవ్వకుండా 2–0తో గెలిపించాడు. ఆరో ఇన్నింగ్స్‌లో యోగి బెరా కొట్టిన బంతిని ఎడమ మూల దాకా పరుగెత్తి సాండీ అమోరోస్ పట్టిన క్యాచ్ లేకపోతే ఆ ఆట చేజారేదే.

ప్రశ్న: 1951లో డాడ్జర్స్ ‘పదమూడున్నర ఆటల’ ఆధిక్యం పోగొట్టుకుందని చదివాను. అర ఆట ఎలా ఉంటుంది? (విశాఖపట్నం)

జవాబు: అది ఆడిన ఆటల లెక్క కాదు, రెండు జట్ల మధ్య దూరానికి కొలత. ముందున్న జట్టు గెలుపుల్లోంచి వెనకున్న జట్టు గెలుపులు తీసేయండి. వెనకున్న జట్టు ఓటముల్లోంచి ముందున్నదాని ఓటములు తీసేయండి. రెండూ కూడి సగం చేయండి. 1951 ఆగస్టు 11న ఒక దశలో డాడ్జర్స్ 70 గెలుపులు, 35 ఓటములు. న్యూయార్క్ జెయింట్స్ 59 గెలుపులు, 51 ఓటములు. 70లోంచి 59 పోతే 11. 51లోంచి 35 పోతే 16. మొత్తం 27, సగం 13½. రెండు జట్లూ ఆడిన ఆటల సంఖ్య ఒకటి సరి, ఒకటి బేసి అయినప్పుడే ఈ అర వస్తుంది.

అక్కడి నుంచి జెయింట్స్ మిగిలిన 44 ఆటల్లో 37 గెలిచింది. చివరికి ఇద్దరూ 96–58 దగ్గర సమమయ్యారు. మూడు ఆటల ప్లేఆఫ్ పెట్టారు. మొదటిది జెయింట్స్ 3–1తో, రెండోది డాడ్జర్స్ 10–0తో గెలిచాయి. అక్టోబరు 3న మూడో ఆటలో చివరి ఇన్నింగ్స్‌కు డాడ్జర్స్ 4–1తో ముందుంది. స్కోరు 4–2 అయ్యాక డాడ్జర్స్ పిచర్ రాల్ఫ్ బ్రాంకా వేసిన బంతిని జెయింట్స్ బ్యాటర్ బాబీ థామ్సన్ స్టాండ్స్‌లోకి కొట్టాడు, అంటే హోమ్ రన్. అతనికీ బేస్‌ల (పరుగు దారిలోని మజిలీల) మీదున్న ఇద్దరికీ కలిపి మూడు పరుగులు, 5–4తో జెయింట్స్ గెలుపు. ఆ సీజన్‌లో జెయింట్స్ తమ మైదానం సెంటర్ ఫీల్డ్ వెనక టెలిస్కోపు పెట్టి, ఏ బంతి వేయాలో పిచర్‌కు చెప్పే క్యాచర్ సైగలు దొంగిలించిన సంగతి 2001లో వివరంగా బయటపడింది. కాబట్టి బ్రాంకా ఒక్కడి మీదే నింద మోపి రాసిన పాత వ్యాసాలను ఇప్పుడు అలాగే నమ్మకండి.

ప్రశ్న: ఏప్రిల్ 15న ఆటగాళ్లంతా 42వ నంబరే వేసుకుంటారెందుకు? (తిరుపతి)

జవాబు: 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్‌లోని ఎబెట్స్ ఫీల్డ్‌లో జాకీ రాబిన్సన్ ఆ నంబరు చొక్కాతో ఫస్ట్ బేస్ దగ్గర నిలబడ్డాడు. 1884లో మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ టొలీడో తరఫున ఆడిన తర్వాత మేజర్ లీగ్‌లో, అంటే బేస్‌బాల్ అత్యున్నత స్థాయిలో, అడుగుపెట్టిన మొదటి నల్లజాతి ఆటగాడు ఇతనే. మధ్య 60 ఏళ్లకు పైగా నల్లజాతివారిని ఆపుతూ రాతలో ఏ నిబంధనా లేదు. యజమానుల లోపాయికారీ అవగాహనే గోడలా నిలిచింది. అలాంటి గోడను కూల్చడం రాసి ఉన్న చట్టాన్ని మార్చడం కన్నా కష్టం. ఎందుకంటే అది ఉందని ఎవరూ ఒప్పుకోరు.

డాడ్జర్స్ అధ్యక్షుడు బ్రాంచ్ రికీ 1945 ఆగస్టు 28న రాబిన్సన్‌ను పిలిపించి మాట్లాడాడు. తిట్టినా, కొట్టబోయినా తిరగబడకుండా ఉండాలన్నది అతని షరతు. 1946లో అనుబంధ జట్టు మాంట్రియల్ రాయల్స్‌లో ఆడించి, మరుసటేడు బ్రూక్లిన్‌కు తెచ్చాడు. రాబిన్సన్ 1947లో ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. 1949లో 593 సార్లు బ్యాటింగ్ చేసి 203 హిట్లు కొట్టి లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు. 203ను 593తో భాగిస్తే .342, అదే అతని ఆ ఏటి బ్యాటింగ్ సగటు. అతని వెంట వచ్చిన నల్లజాతి ఆటగాళ్లలో రాయ్ కాంపనెల్లా మూడుసార్లు, 1951, 1953, 1955లలో, ఉత్తమ ఆటగాడయ్యాడు. డాన్ న్యూకోంబ్ 1956లో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ బహుమతిని మొట్టమొదట అందుకున్నాడు.

రికీ ధైర్యాన్ని మెచ్చుకోవాల్సిందే. అయితే రాబిన్సన్ అప్పటికి ఆడుతున్న నల్లజాతి లీగ్ జట్టు కాన్సస్ సిటీ మోనార్క్స్‌కు రికీ ఒక్క డాలరు కూడా ఇవ్వలేదు. మంచి ఆటగాళ్లు ఒక్కొక్కరే మేజర్ లీగ్‌కు తరలిపోవడంతో ఆ లీగ్‌లు కొన్నేళ్లలోనే చితికిపోయాయి. ఈ కథ చెప్పేటప్పుడు ఆ సగం వదిలేయడం న్యాయం కాదు.

1997లో 42ను అన్ని జట్లలోనూ విరమింపజేశారు. అప్పటికే అది వేసుకుంటున్నవారికి మినహాయింపు ఇచ్చారు, వారిలో చివరివాడు మరియానో రివెరా 2013లో తప్పుకున్నాడు. 2009 నుంచి ఏప్రిల్ 15న అన్ని జట్ల ఆటగాళ్లూ ఆ నంబరు వేసుకుంటున్నారు. ఒక తప్పు తరచూ కనబడుతుంది: రాబిన్సన్ లాస్ ఏంజెలెస్‌లో డాడ్జర్స్‌కు ఆడాడని. పెరిగింది పక్కనే పాసడీనాలో, చదివింది లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయంలో. కానీ 1956తోనే ఆట మానేశాడు, జట్టు అక్కడికి చేరక ముందే.

ప్రశ్న: అంత అభిమానమున్న బ్రూక్లిన్‌ను వదిలి ఎందుకు వెళ్లారు? డబ్బాశేనా? (శాన్ హోసే, కాలిఫోర్నియా)

జవాబు: యజమాని వాల్టర్ ఓమాలీకి లాభాపేక్ష లేదని ఎవరూ అనరు. కానీ అతనొక్కణ్ణే దుర్మార్గుడిగా చూపే కథలో లెక్క కుదరదు. 1913లో కట్టిన ఎబెట్స్ ఫీల్డ్‌లో చివరి రోజుల్లో సుమారు 32 వేల సీట్లు ఉండేవి. కార్లు పెట్టుకునే చోటు 700 బండ్లకే సరిపోయేది. అభిమానులేమో లాంగ్ ఐలాండ్ శివార్లకు కాపురాలు మార్చి కార్లలో వస్తున్నారు. 1953లో బోస్టన్ నుంచి మిల్వాకీకి మారిన బ్రేవ్స్ మొదటి ఏడే 18 లక్షల మందిని రప్పించింది. 1955లో కప్పు గెలిచి కూడా బ్రూక్లిన్‌కు వచ్చింది 10.33 లక్షలే. ఎక్కువ టికెట్లు అమ్మే జట్టు ఎక్కువ మంది కుర్రాళ్లను వెతికి పట్టుకుంటుంది. పదేళ్లలో ఆ తేడా మైదానంలో తేలుతుందన్నది ఓమాలీ భయం. అది ఉత్త భయం కాదు.

అతను కోరింది అట్లాంటిక్, ఫ్లాట్‌బుష్ అవెన్యూలు కలిసే చోటు. రైళ్లన్నీ అక్కడికి వస్తాయి. స్టేడియం సొంత డబ్బుతో కడతానన్నాడు. కానీ పదుల మంది యజమానుల దగ్గర ముక్కలు ముక్కలుగా ఉన్న ఆ స్థలాన్ని నగరం సేకరించి ఇవ్వాలి. 1949 గృహ నిర్మాణ చట్టంలోని మొదటి అధ్యాయం కింద ఆ సేకరణ చేయమని అడిగాడు. న్యూయార్క్ నిర్మాణాలన్నీ గుప్పిట్లో పెట్టుకున్న రాబర్ట్ మోజెస్, ప్రైవేటు బంతాట మైదానం ప్రజాప్రయోజనం కిందికి రాదన్నాడు. బదులుగా క్వీన్స్‌లో ఫ్లషింగ్ మెడోస్ చూపించాడు. అది బ్రూక్లినే కాదన్నాడు ఓమాలీ. తర్వాత మెట్స్ జట్టు కోసం షే స్టేడియం లేచింది అక్కడే.

ఓమాలీ కూడా ఊరకే కూర్చోలేదు. 1956లో ఏడు, 1957లో ఎనిమిది ఆటలు జెర్సీ సిటీలో ఆడించాడు. ఎబెట్స్ ఫీల్డ్‌ను అమ్మేసి అద్దెకు ఉన్నాడు. 1957 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్‌లోని చిన్న లీగ్ జట్టునూ దాని మైదానాన్నీ కొన్నాడు. అప్పటికి మేజర్ లీగ్‌లో పడమటి కొస ఊర్లు సెయింట్ లూయిస్, కాన్సస్ సిటీ. ఒక్క జట్టే పసిఫిక్ తీరానికి పోతే మిగతావారికి విమానం ఖర్చు గిట్టుబాటు కాదు. అందుకే నేషనల్ లీగ్ ఇద్దరు కలిసి వెళితేనే అనుమతి అంది. జెయింట్స్ శాన్‌ఫ్రాన్సిస్కోకు, డాడ్జర్స్ లాస్ ఏంజెలెస్‌కు కదిలాయి. 1957 సెప్టెంబరు 24న ఎబెట్స్ ఫీల్డ్ చివరి ఆటకు వచ్చినవారు 6,702 మంది. 1958 ఏప్రిల్ 18న లాస్ ఏంజెలెస్ కొలీసియంలో మొదటి ఆటకు వచ్చినవారు 78,672 మంది.

ఆ కొలీసియం బేస్‌బాల్‌కు పనికొచ్చే ఆకారం కాదు. ఎడమ గీత వెంట గోడ 251 అడుగులే, అంటే 76 మీటర్ల చిల్లర. మామూలు గాల్లో లేచిన బంతీ హోమ్ రన్ అవుతుందని 42 అడుగుల ఎత్తున వల కట్టారు. ఎడమచేతి బ్యాటరైన వాలీ మూన్ బంతిని కావాలనే అటు ఎత్తి వల దాటించేవాడు.

ప్రశ్న: ఇప్పుడున్న స్టేడియం పేదల ఇళ్లు కూల్చి కట్టారంటారు, నిజమేనా? (వరంగల్)

జవాబు: ఇళ్లు కూల్చింది నిజం. ఎవరు, ఎప్పుడు, దేనికోసం అన్నది కలగాపులగం చేస్తుంటారు. చావెజ్ రవీన్ అనే ఆ కొండ లోయలో పాలో వెర్దే, లా లోమా, బిషప్ అని మూడు పల్లెల్లాంటి పేటలుండేవి. ఎక్కువమంది మెక్సికన్ అమెరికన్లు. సొంత ఇళ్లు, కూరగాయల మడులు, మేకలు, బడి, చర్చి అన్నీ ఉన్న ఊళ్లు. 1950 జులైలో నగర గృహనిర్మాణ సంస్థ వారికి ఉత్తరాలు పంపింది: ఇళ్లు అమ్మేయండి, ఇక్కడ ప్రభుత్వ గృహాలు వస్తాయి, వాటిలో మీకే మొదటి అవకాశం అని. చాలామంది అప్పుడే కదిలారు. ఆ తర్వాత ప్రభుత్వ గృహాలంటేనే కమ్యూనిజం అనే ప్రచారం లేచింది. దాన్ని వ్యతిరేకించిన నారిస్ పౌల్సన్ 1953లో మేయరయ్యాడు. పథకం రద్దయింది. ఇళ్లు పోయాయి, మాటిచ్చిన ఇళ్లు రాలేదు. ఇదంతా డాడ్జర్స్ రాకకు ముందే.

రెండో అంకం జట్టుది. సుమారు 300 ఎకరాలు జట్టుకిచ్చి, బదులుగా ఓమాలీ కొన్న చిన్న మైదానాన్ని నగరం తీసుకునే ఒప్పందం 1958 జూన్ 3న ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్లి, పాతిక వేల ఓట్ల తేడాతో నెగ్గింది. 1959 మేలో, కదలని చివరి కుటుంబాల్లో ఒకటైన అరెచిగా వారిని పోలీసులు ఇంట్లోంచి మోసుకెళ్లారు. టీవీ కెమెరాల ముందే బుల్‌డోజరు ఆ ఇంటిని నేలమట్టం చేసింది. పేటల్ని ఖాళీ చేయించింది డాడ్జర్స్ అనడం తప్పు. ఆ నేల మీద నిలబడ్డ జట్టుకు బాధ్యతే లేదనడం అంతకన్నా పెద్ద తప్పు. పోలవరం, శ్రీశైలం ముంపు ఊళ్లు తెలిసిన తెలుగువారికి ఈ తేడా విడమరచి చెప్పనక్కర్లేదు.

స్టేడియం 1962 ఏప్రిల్ 10న తెరిచారు, ప్రైవేటు సొమ్ముతో, 56 వేల సీట్లతో. అంత జాగ్రత్తగా కట్టినా, కొట్టిన బంతి ఫెయిరా (హద్దు లోపలా), ఫౌలా (బయటా) అని తేల్చే ఫౌల్ స్తంభాలు రెండూ గీతకు బయట పడ్డాయి. వాటికి తగిలిన బంతి ఫెయిర్ అని ఆ ఏటికి లీగ్ నుంచి ప్రత్యేక అనుమతి తెచ్చుకుని, మరుసటేడు బ్యాటరు నిలబడే హోమ్ ప్లేట్‌నే జరిపారు.

ప్రశ్న: 1960ల డాడ్జర్స్ పిచర్ సాండీ కూఫాక్స్ ఈఆర్‌ఏ 1.73 అంటారు. నేను వేస్తే పాత స్కోర్లలో లెక్క తేడా వస్తోంది. (కాకినాడ)

జవాబు: మీ పొరపాటు దాదాపు ఖాయంగా చుక్క దగ్గర. ఈఆర్‌ఏ అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచర్ ఇచ్చిన పరుగులు. ఫీల్డర్ల పొరపాటు వల్ల వచ్చినవి కలపకూడదు. పరుగులను 9తో గుణించి, వేసిన ఇన్నింగ్స్‌తో భాగించాలి. 1966లో కూఫాక్స్ 323 ఇన్నింగ్స్‌లో 62 పరుగులిచ్చాడు: 558ని 323తో భాగిస్తే 1.73. 1965లో ఇన్నింగ్స్ 335.2 అని రాసి ఉంటుంది. అది దశాంశం కాదు. క్రికెట్‌లో 6.2 ఓవర్లంటే ఆరు ఓవర్ల రెండు బంతులైనట్టే, ఇక్కడ 335 ఇన్నింగ్స్, ఆపై రెండు అవుట్లు. ఇన్నింగ్స్‌కు మూడు అవుట్లు కాబట్టి భాగించాల్సింది 335.667తో. ఒక్క ఆట లెక్కలో దెబ్బ పెద్దది: 6.2 ఇన్నింగ్స్, 3 పరుగులైతే సరైన జవాబు 4.05, దశాంశంగా వేస్తే 4.35.

ఇంకో జాగ్రత్త. అప్పట్లో పిచర్ నిలబడే దిబ్బ ఎత్తు 15 అంగుళాలు, అది పిచర్లకు అనుకూలం; 1969లో 10కి తగ్గించారు. కాబట్టి కూఫాక్స్ అంకెలను నేటివారి అంకెల పక్కన నేరుగా పెట్టకండి. అలాగని అతని గొప్ప తగ్గదు. ఎడమ మోచేతికి కీళ్లవాతంతో ఇంజెక్షన్లు, మంట పుట్టించే లేపనం, ఆట తర్వాత ఐసు నీళ్లలో చెయ్యి ముంచడం: ఇలా నెట్టుకొస్తూనే 1965లో 382 స్ట్రైకవుట్లు (బ్యాటర్ మూడు స్ట్రైక్‌లతో అవుటవడం) తీశాడు. అదే ఏడు యూదుల పవిత్ర దినం యోమ్ కిప్పూర్ అని వరల్డ్ సిరీస్ మొదటి ఆట ఆడనన్నాడు. తర్వాత రెండే రోజుల విశ్రాంతితో ఏడో ఆటకు దిగి, 2–0తో గెలిపించాడు. 1966 నవంబరులో, 30 ఏళ్లకే, చెయ్యి పూర్తిగా పోకముందే ఆపేశాడు.

ప్రశ్న: ‘టామీ జాన్ సర్జరీ’లో టామీ జాన్ డాక్టరా? (నిజామాబాద్)

జవాబు: రోగి. డాడ్జర్స్ ఎడమచేతి పిచర్. 1974 జులైలో, 13 గెలుపులు 3 ఓటములతో ఊపు మీద ఉండగా, మోచేతి లోపలి వైపు కట్టు లాంటి లిగమెంటు తెగింది. సెప్టెంబరు 25న డాక్టర్ ఫ్రాంక్ జోబ్, కుడి ముంజేతి నుంచి ఒక స్నాయువు తీసి, ఎడమ మోచేతి పైఎముకకూ కిందిఎముకకూ రంధ్రాలు తొలిచి, ఎనిమిది అంకె ఆకారంలో అల్లాడు. మళ్లీ మేజర్ లీగ్‌లో ఆడే అవకాశం నూటికి ఒక పాలు అనుకున్నాడు. జాన్ 1975 మొత్తం ఆగి, 1976లో తిరిగొచ్చి, 1989 దాకా ఆడాడు. అతని 288 గెలుపుల్లో 164 ఆపరేషన్ తర్వాతివే. ఈ ఆపరేషన్‌తో బంతి వేగం పెరుగుతుందని కొందరు పిల్లల తల్లిదండ్రులు నమ్ముతారు. అది అబద్ధం. పోయినదాన్ని తిరిగి తేవడమే దాని పని, కోలుకోవడానికి పిచర్‌కు 12 నుంచి 18 నెలలు పడుతుంది.

ప్రశ్న: డాడ్జర్స్ ఆటగాడు షొహేయ్ ఒటానికి 70 కోట్ల డాలర్లు ఇచ్చాక మిగతావారికి ఎక్కడి నుంచి తెస్తున్నారు? (డల్లాస్)

జవాబు: ఇప్పుడు ఇవ్వడం లేదు కాబట్టి. 2023 డిసెంబరు ఒప్పందం పదేళ్లది, ఏడాదికి 7 కోట్లు. అందులో చేతికిచ్చేది 20 లక్షలే. మిగిలిన 6.8 కోట్ల చొప్పున బాకీ 2034 నుంచి 2043 దాకా వడ్డీ లేకుండా చెల్లిస్తారు. పదేళ్ల తర్వాతి డాలరు నేటి డాలరంత విలువ చేయదు. అందుకే జట్టు జీతాలు పరిమితి దాటితే వేసే పన్ను లెక్కలో లీగ్ ఏడాదికి సుమారు 4.6 కోట్లే వేస్తుంది. నిబంధనలకు లోబడిందే. చిన్న ఊళ్ల జట్లకు ఇంత బాకీ మోయగల స్తోమత లేదన్న విమర్శ మాత్రం సమంజసమే.

ప్రశ్న: మా అబ్బాయి అర్వైన్‌లో ఉంటాడు, వేసవిలో వెళ్తున్నాం. స్టేడియానికి ఎలా వెళ్లాలి? ఇక్కడి నుంచి చూడాలంటే వేళలేంటి? (విజయవాడ)

జవాబు: రైల్లో లాస్ ఏంజెలెస్ యూనియన్ స్టేషన్‌కు చేరితే, అక్కడి నుంచి ఆట టికెట్ ఉన్నవారికి స్టేడియం బస్సు ఉచితం. కారులో అయితే స్టేడియం కొండను మెట్లుగా చెక్కి కట్టిందని గుర్తుంచుకోండి. మీ సీటున్న అంతస్తు ఎత్తులోనే ఉన్న పార్కింగ్‌కు వెళ్లకపోతే పెద్దవాళ్లు చాలా మెట్లు ఎక్కాల్సి వస్తుంది. సెక్షన్లలో బేసి సంఖ్యలు థర్డ్ బేస్ వైపు, సరి సంఖ్యలు ఫస్ట్ బేస్ వైపు. సాయంత్రం నీడ ముందు పడేది థర్డ్ బేస్ వైపే, డాడ్జర్స్ ఆటగాళ్లు కూర్చునేదీ అటే. కాబట్టి బేసి సంఖ్య టికెట్ కొనండి. బ్యాగు పారదర్శకంగా ఉండాలి.

విజయవాడ నుంచి చూసేవారికి: సీజన్ రోజుల్లో లాస్ ఏంజెలెస్ గడియారం మనకన్నా 12½ గంటలు వెనక. అక్కడ రాత్రి 7.10కి మొదలయ్యే ఆట మనకు మర్నాడు ఉదయం 7.40కి. జట్టు న్యూయార్క్ వెళ్లినప్పుడు మాత్రం రాత్రి 7.05 ఆటకు మీరు తెల్లవారుజామున 4.35కి లేవాలి.